ఐదో అంతస్తు స్కాట్లాండు

సింహాచలం ఆ రోజు చేసిన నేరం ఏమిటంటే, ఒక పెద్దమనిషిని పొగిడాడు.

పొగడ్త అతని సొంతం కూడా కాదు. మాదాపూర్‌లో అతను పనిచేసే కాల్ సెంటర్ వాళ్లు రాసిచ్చిందే. బ్రిటన్‌లో ఇళ్లకు వేడినీళ్ల బాయిలర్లు బిగించే ఒక కంపెనీ తరఫున ఇక్కడివాళ్లు మాట్లాడతారు. అక్కడ ఎవరి బాయిలరు మొరాయించినా ఇక్కడ ఫోను మోగుతుంది. కస్టమరు కోపంగా ఉంటే ముందు పొగడాలి, తర్వాత ఓదార్చాలి, ఆ తర్వాత మెకానిక్కును పంపాలి. మెకానిక్కు రాకపోతే మళ్లీ పొగడాలి.

ఫోను చేసినాయన పేరు మర్డో. స్కాట్లాండులో సముద్రం ఒడ్డున ఎక్కడో ఉంటాడు.

"మీ బాయిలరు ఆన్‌లోనే ఉందాండీ?" అని వచ్చిన ఇంగ్లీషులో అడిగాడు సింహాచలం.

"ఐ," అన్నాడాయన.

ఐ అంటే నేను. ఆ 'నేను' ఏం చేశాడో చెబుతాడు కదా అని సింహాచలం మర్యాదగా ఎదురుచూశాడు. అవతల మర్డో కూడా ఎదురుచూశాడు. కాసేపు ఇద్దరి మధ్యా సముద్రాల హోరు తప్ప మరేమీ వినపడలేదు.

"చెప్పండి సార్, మీరు..."

"ఐ!" అన్నాడు మర్డో, ఈసారి గట్టిగా. ఆ తర్వాత "వీ" అని ఏదో అన్నాడు. వీ అంటే మేము. ఈయన నేను దగ్గర బయలుదేరి మేము దాకా వచ్చాడు గానీ, దారిలో ఎక్కడా క్రియ తగల్లేదు. స్కాట్లాండులో 'ఐ' అంటే అవుననీ, 'వీ' అంటే చిన్నదనీ, పాపం ఆయన చెబుతున్నది "అవును, చిన్న ఎర్ర దీపం కూడా వెలుగుతోంది" అనీ సింహాచలానికి తెలిసేనాటికి చాలా జరిగిపోయింది. "కెన్?" అని ఆయన గద్దించి అడిగాడు. అక్కడ దానర్థం తెలిసిందా అని. అది ఎవరి పేరో అనుకుని, "కాదు సార్, నా పేరు స్టీవ్," అని ఆఫీసువాళ్లు పెట్టిన ఫోను పేరు చెప్పాడు సింహాచలం.

ఇక పొగడక తప్పని ఘట్టం వచ్చింది. ఎదురుగా గోడకి అంటించిన కాగితం చూసి, గొంతులో తేనె కలిపి చదివాడు.

"మీ ఇంగ్లీషువాళ్ల ఓర్పు చాలా గొప్పది సార్."

ఆ తర్వాత మర్డో మాట్లాడినదాంట్లో సింహాచలానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. భావం మాత్రం పూర్తిగా అందింది. పలాస బస్టాండులో పెరిగినవాడికి తిట్టుకి తర్జుమా అక్కర్లేదు.

మర్డో పైవాళ్లకి ఫిర్యాదు చేశాడు. బాయిలరు గురించి కాదు. బాయిలరు ఊసే ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మొదలుకాగానే అందరినీ సమావేశపరిచారు. వేదిక మీదికి డాక్టర్ వాగ్దేవి గారు వచ్చారు. సంస్థలో గుర్తింపు గౌరవ విభాగానికి ఆవిడే అధిపతి, ఆవిడే సభ్యులు. లండన్‌నీ, ఎడిన్‌బరోనీ ఒకే టూరు ప్యాకేజీలో చూసివచ్చిన అధికారిణి సంస్థలో మరొకరు లేనందువల్ల ఆ విభాగం ఆవిడ కోసమే పుట్టింది.

"మిత్రులారా," అన్నారావిడ, "నిన్న ఈ కప్పు కింద ఒక స్కాట్ పౌరుణ్ని ఇంగ్లీషువాడు అన్నారు. ఇది నోరు జారడం కాదు. ఒక జాతి అస్తిత్వం మీద, మన ఆవరణలో, మన హెడ్‌ఫోన్‌తో జరిగిన దాడి. ఇకమీదట ఈ సంస్థలో ఇంగ్లండు ఇంగ్లండే, స్కాట్లాండు స్కాట్లాండే. మ్యాపులో స్కాట్లాండు పైన ఉంది. మనకున్నవి నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు."

వెనక వరసలో సింహాచలం తల దించుకుని కూర్చున్నాడు. పక్కన ఓదెలు చేతులు కట్టుకుని ఉన్నాడు. ఓదెలుది మంచిర్యాల. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే గదిలో ఉంటున్నారు, ఒకే స్కూటరు మీద వస్తారు.

"నీ పుణ్యాన అంతస్తులు పంచుకుంటున్నరు గదరా," అని ఓదెలు గొణిగాడు.

"ఇప్పుడు అసలు ప్రశ్న," అన్నారు వాగ్దేవి గారు. "ఎవరు ఏ దేశం? స్కాట్‌ల వేదన ఏమిటి? మీరు మాట్లాడేది భాషే కాదు, చెడిపోయిన ఇంగ్లీషు అని పొరుగువాళ్లు తరతరాలుగా నవ్వడం. ఆ వేదన తెలిసిన గొంతే వాళ్లకి సమాధానం చెప్పాలి. కాబట్టి నిజాయితీగా చెప్పండి. మీలో ఎవరి తెలుగు విని ఎవరు నవ్వారో, వాళ్లు చెయ్యెత్తండి."

కర్నూలు కుర్రాడొకడు ముందు ఎత్తాడు. తర్వాత పాలమూరు అమ్మాయి. ఆ వెనక చిత్తూరు, విజయనగరం, ఆదిలాబాదు. సింహాచలానికి ఇంజనీరింగు కాలేజీ మొదటి రోజు గుర్తొచ్చింది. లేచి నిలబడి "నాను పలాస నుండొచ్చేను" అన్నాడు. అంతే, తర్వాత చదువైపోయేదాకా క్లాసులో లేచి నిలబడలేదు. అతను కూడా మెల్లగా చెయ్యెత్తాడు. ఎత్తాక చుట్టూ చూస్తే సగం హాలు చేతులే. తనొక్కడే కాదన్నమాట అనుకుంటే, ఎందుకో కడుపులో చల్లగా అనిపించింది.

"ఎత్తరా," అని ఓదెలుని మోచేత్తో పొడిచాడు.

"నేనెందుకు ఎత్తాలె? నా మాట ఇని నవ్వినోడు ఇంక పుట్టలే."

"ఎవుడూ నవ్వలేదేటి?"

"ఇద్దరు నవ్విన్రు. మల్ల నవ్వలే."

ఓదెలు చెయ్యెత్తలేదు. ఆ విధంగా ఇంగ్లండువాడైపోయాడు.

వారం తిరక్కుండా ఐదో అంతస్తు రూపు మారింది. ఏసీని చలి పుట్టేలా తిప్పి, ఆ మీట మీద ఎవరూ చెయ్యి పెట్టకుండా డబ్బా బిగించారు. చలిలో వణుకుతున్న కస్టమరుతో మాట్లాడేవాడు తనూ వణకాలి, అప్పుడే గొంతులో సానుభూతి పలుకుతుందని వాగ్దేవి గారి సిద్ధాంతం. ఉచ్చారణ నేర్పడానికి ఒకాయన్ని తెచ్చారు. ఆయన స్కాట్లాండుని టీవీలో గోల్ఫు వచ్చినప్పుడు చూశాడు. 'ర' అన్నప్పుడు నాలుక మద్దెలలా మోగాలన్నాడాయన. కోస్తా, సీమ, తెలంగాణ తేడా లేకుండా అందరి నాలుకలూ వెంటనే మోగాయి. తెలుగువాడికి 'ర' ఒక సమస్యా? ఇంగ్లండు అంతస్తులోనే వచ్చిన 'ర'ని మింగడం నేర్పలేక మాస్టారు చిక్కిపోయాడు.

పేర్లు కూడా మార్చారు. సింహాచలం స్టీవ్ నుంచి హేమిష్ అయ్యాడు. ఓదెలు నైజెల్ అయ్యాడు.

ఐదో అంతస్తులో మగవాళ్లు స్కాట్‌ల గళ్ల పావడా కట్టుకోవాలని ఒక ఉత్తర్వు వచ్చింది. విదేశం నుంచి తెప్పిస్తే ఖర్చని కొనుగోళ్ల విభాగం బేగంబజారుకి మనిషిని పంపి గళ్ల లుంగీలు తెప్పించింది. మోకాళ్ల దాకా మడిచి కడితే రెండింటికీ తేడా తెలియదని ధ్రువీకరణ పత్రం కూడా జతచేసింది. లుంగీ కట్టుకుని కుర్చీలో కాలు మీద కాలు వేసుకునేసరికి కుర్రాళ్లకి ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం ఇంత సుఖంగా ఉంటుందని వాళ్లెవరికీ తెలియదు. అసలు స్కాట్‌లు లోపల ఏమీ వేసుకోరట కదా, దీనిపై సంస్థ వైఖరి ఏమిటి అని ఎవరో అడిగారు. దానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని సమావేశం వాయిదా వేశారు.

కేంటీన్లో కూడా వంటలు వేరయ్యాయి. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు కలిపి వండేది స్కాట్లాండు జాతీయ వంటకం అని తెలిసి, కేంటీన్ కాంట్రాక్టరు "అంతేనా అమ్మా" అని బోటీ కూర వండిపెట్టాడు. పైఅంతస్తు ఘుమఘుమలాడిపోయింది. కింద నాలుగో అంతస్తుకి ఉడకబెట్టిన బంగాళాదుంపలు, ఉప్పులేని చిక్కుడు గింజలు. గుంటూరు నుంచి వచ్చిన ఇంగ్లీషువాళ్లు వాటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండో రోజుకే మెట్ల మీద బోటీ దొంగరవాణా మొదలైంది. అది ఆపడానికి మెట్ల మధ్య ఇనప గేటు పెట్టారు, గేటుకి సెక్యూరిటీ గార్డుని పెట్టారు. ఒక దేశం నుంచి మరో దేశం వెళ్లాలంటే అంతస్తు పాసు కావాలి. పాసులిచ్చే కమిటీ గురువారం కూర్చుంటుంది.

చివరిగా వచ్చిన ఉత్తర్వు ఇది: ఐదో అంతస్తులో తెలుగు మాట్లాడరాదు. "సొంత భాషని నోట్లోనే నొక్కేస్తే ఎలా ఉంటుందో అనుభవంలోకి వస్తే తప్ప స్కాట్‌ల చరిత్ర మీకు అర్థం కాదు," అని వాగ్దేవి గారు ఆర్ద్రంగా చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. తెలుగులో ఏమీ అనకూడదు కనక చప్పట్లే మిగిలాయి.

తమాషా ఏమిటంటే, సింహాచలానికి ఇదంతా నచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన యాస ఒక అర్హత కావడం ఇదే మొదలు. ఖాళీ దొరికితే స్కాట్లాండు చరిత్ర వీడియోలు చూసేవాడు. యుద్ధాలు, ఓటములు, ద్రోహాలు అన్నీ సొంత ఇంట్లో జరిగినట్టు బాధపడేవాడు. ఒక రాత్రి షిఫ్టు అయ్యాక గదిలో ఓదెలు అన్నం కలుపుకుంటూ, "ఇయ్యాల మా నాలుగో అంతస్తుల నీళ్లు రాలే. మీ పైనోళ్లు మొత్తం వాడుకున్నరు," అన్నాడు. మామూలుగా అన్నాడు.

సింహాచలానికి చిర్రెత్తుకొచ్చింది. "మీరలాగే అంటారు. మూడొందల యేళ్ల నుండి మీరు మమ్మల్ని మనుసుల్లాగ సూసేరేటి?"

ఓదెలు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎవలురా మీరు?"

"ఇంగ్లీషోలు."

"అరె, నేనెప్పుడు ఇంగ్లీషోన్ని అయిన్రా? మూడొందల యేండ్ల కింద మా తాతల తాత గోదారి ఒడ్డుకు గొర్లు కాసుకుంటుండె. నిన్ను నేనేం జేసిన?"

"సెయ్యెత్తమంటే ఎత్తేవా? మేమందరం ఎత్తినాం. నువ్వు దొరలాగ సేతులు కట్టుకోని కూసున్నావు."

"నన్ను ఎవడన్న నవ్వితె గద ఎత్తేది! అబద్ధం జెప్పాల్నా?"

"నవ్వించుకున్నోడికే తెలుస్తాది ఆ బాద."

"గట్లనా. మరి నీ దేశం నీదే. స్కూటర్ నాది. రేపటి సంది బస్సుల రా."

అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సింహాచలం బస్సులో వేలాడుతూ వచ్చి స్కాట్లాండు చేరుకునేవాడు. కింద ఓదెలు స్కూటరు నిలబెట్టి, ఒంటరిగా ఇంగ్లండులోకి వెళ్లిపోయేవాడు. ఆఫీసులోనూ ఎవరికీ ఎవరితోనూ పడటం మానేసింది. పైవాళ్లు తమకి వేరే లిఫ్టు కావాలన్నారు. కిందివాళ్లు లిఫ్టు మొదలయ్యేది తమ వైపు నుంచే కదా అన్నారు. ఐదో అంతస్తు విడిపోవాలా వద్దా అని ఓటింగు పెట్టబోతున్నారని పుకారు.

ఈలోగా బాయిలర్లు పాడవుతూనే ఉన్నాయి. కానీ ఎవరి బాయిలరు చూడాలన్నా ముందు వాళ్లెవరో తేలాలి. ఫోను ఎత్తగానే, "మీ అస్తిత్వాన్ని మీరు ఎలా నిర్వచించుకుంటారు?" అని అడగాలని నియమం. చాలామంది ఆ ప్రశ్న దగ్గరే ఫోను పెట్టేసేవారు. ఫిర్యాదులు సగానికి తగ్గాయని వాగ్దేవి గారు పైకి నివేదిక పంపారు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం సింహాచలానికి ఐలా అనే పెద్దావిడ ఫోను వచ్చింది. ఆవిడ పుట్టింది స్కాట్లాండులో. పెళ్లాడింది ఇంగ్లీషాయన్ని. కాపురం సరిహద్దుకి ఇవతల, ఇంగ్లండులో. బయట మంచు పడుతోంది, బాయిలరు ఆగిపోయింది, ముసలాయనకి ఆయాసం. ఆవిడ మాటలో 'ర' మోగుతుంది కనక మనిషి ఐదో అంతస్తుకి చెందుతుంది. ఇల్లు ఇంగ్లండులో ఉంది కనక మెకానిక్కుని పంపే అధికారం నాలుగో అంతస్తుది. ఉదయం నుంచీ ఆవిణ్ని పైవాళ్లు కిందికీ, కిందివాళ్లు పైకీ పంపుతూనే ఉన్నారు.

"అమ్మా, మీ అస్తిత్వాన్ని మీరు..." అని మొదలుపెట్టాడు సింహాచలం.

"నాయనా," అంది ఆవిడ. గొంతులో కోపం కూడా లేదు, అలసట ఒక్కటే. "నన్ను ఏమని రాసుకుంటావో రాసుకో. ఇంగ్లీషుదాన్నంటే ఇంగ్లీషుదాన్ని. చైనాదాన్నంటే చైనాదాన్ని. ఇక్కడ ఈయన పెదాలు నీలంగా అవుతున్నాయి. ఆ మనిషిని పంపు చాలు."

వెనక నుంచి ఎవరో దగ్గుతున్నారు. సన్నగా, ఆగకుండా. సింహాచలం నియమాల కాగితం వైపు చూశాడు. ముసలివాళ్ల పెదాల గురించి అందులో ఏమీ లేదు. మామూలుగా అయితే మళ్లీ కిందికి మళ్లించాలి. మళ్లిస్తే మళ్లీ పైకి వస్తుంది.

లేచాడు. తలకి హెడ్‌ఫోను అలాగే ఉంది. తీగ లేని రకం కనక ఆవిడ కూడా అతనితోనే వచ్చింది. మెట్ల దగ్గర గార్డు అడ్డం నిలబడి ఇంగ్లీషులోనే అడిగాడు.

"పాసు?"

"గురువారం ఇస్తారు."

"అయితే గురువారం దిగండి."

సింహాచలం లుంగీ ఎగ్గట్టాడు. గేటు మీదికి వంగి, ఊపిరంతా కూడగట్టి అరిచాడు. "ఒరే ఓదెలూ!"

ఐదో అంతస్తు మొత్తం వెనక్కి తిరిగి చూసింది. నిషేధం వచ్చాక ఆ గదిలో వినపడ్డ మొదటి తెలుగు మాట అది. కింది తలుపు తెరుచుకుంది. ఓదెలు మెట్ల దగ్గరికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు.

"ఏంది? కూలిందా నీ స్కాట్లాండ్?"

"ఒరే, తర్వాత తిడుదువుగానిరా. ఒక ముసలాయన సలికి సచ్చిపోయేలాగున్నాడు. ఆయమ్మేమో నా కంప్యూటర్లో ఉంది, ఆల ఇల్లేమో నీ కంప్యూటర్లో ఉంది. మెకానిక్కుని నువ్వే పంపాల."

ఓదెలు ఇంకేమీ అడగలేదు. "పేరు జెప్పు. ఇంటి నంబర్ జెప్పు," అని చేతి మీద రాసుకుంటూ లోపలికి పరుగెత్తాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. "పక్క వీధిలనే ఒకడున్నడు. బయలెల్లిండు. జర గాయనకు దుప్పట్లు గట్టిగ కప్పుమను, పొయ్యి మీద నీళ్లు కాచి సీసాలల్ల పోసి కాళ్లకాడ పెట్టుమను."

సింహాచలం అదంతా ఇంగ్లీషులో ఆవిడకి చెప్పాడు. నాలుక మోగించడం మరిచిపోయాడు.

"అలాగే," అంది ఐలా. "ఇంతసేపూ మీరు మాట్లాడుకున్నది ఏ భాష?"

"తెలుగండీ."

"ఇద్దరిదీనా?"

"ఇద్దరిదీ."

"మరి వేరు వేరుగా వినిపించిందే?"

సింహాచలం ఆ ప్రశ్నని ఓదెలుకి చెప్పగానే ఓదెలు గేటు అవతలి నుంచి మెడ సాచి హెడ్‌ఫోనులోకి ఇంగ్లీషులో అరిచాడు. "ఆయనది సరిగ్గా ఉండదు మేడం!"

"తనదే సరిగ్గా ఉండదండీ!" అన్నాడు సింహాచలం.

అటునుంచి చిన్నగా నవ్వు వినిపించింది. "మా ఇంట్లోనూ పెళ్లయినప్పటినుంచీ ఇదే గొడవ," అంది ఐలా. బాయిలరు బాగయ్యేదాకా ఇద్దరూ గేటుకి అటొకరూ ఇటొకరూ మెట్ల మీదే కూర్చున్నారు. ఓదెలు మాట్లాడకుండా జేబులోంచి చిక్కుడు గింజల పొట్లం తీసి ఊచల్లోంచి అందించాడు. సింహాచలం ఒకటి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"ఇదేటిరా, ఇలాగుంది?"

"రోజు గిదే తింటున్న. బోటి తెచ్చి పెట్టొచ్చు గద."

మర్నాడు ఇద్దరినీ వాగ్దేవి గారి ముందు నిలబెట్టారు. నేరాలు చదివారు. సరిహద్దు దగ్గర గలాటా. నిషిద్ధ భాషలో కేకలు. అస్తిత్వం తేల్చకుండా ఒక మహిళకి వేడినీళ్లు సరఫరా. విచారణ తేలేదాకా ఆఫీసుకి రావద్దన్నారు.

వాళ్లు గదిలో కూర్చుని ఉద్యోగ ప్రకటనలు వెతుకుతుండగా, ఐలా అక్కడి బాయిలర్ల కంపెనీకి ఫోను చేసి, ఇన్నాళ్లకి మనుషులు మాట్లాడారని చెప్పింది. ఆ మనుషుల్ని చూడ్డానికి కంపెనీ నుంచి ఇద్దరు బయలుదేరి వచ్చారు. ఒకాయన కాలమ్, స్కాట్లాండువాడు. ఒకావిడ హ్యారియెట్, ఇంగ్లండు మనిషి. ఇద్దరూ ఒకే కారులో, ఒకరి మీద ఒకరు హాస్యాలాడుకుంటూ దిగారు. హుటాహుటిన సింహాచలాన్నీ ఓదెలునీ కూడా పిలిపించారు.

వాగ్దేవి గారు అతిథులకి అన్నీ చూపించారు. లుంగీలు చూసి కాలమ్ తన ప్యాంటు వైపు ఒకసారి చూసుకున్నాడు. గేటు దగ్గరికొచ్చాక హ్యారియెట్ అడిగింది. "ఇదేమిటండీ?"

"స్కాట్లాండు, ఇంగ్లండు సరిహద్దు."

"అక్కడ గేటేమీ లేదండీ. రోడ్డు పక్కన ఒక బోర్డు ఉంటుంది. కారు ఆపకుండా వెళ్లిపోతాం."

వాగ్దేవి గారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఎంతో సానుభూతిగా అన్నారు. "అందుకే కదండీ మీకు ఇన్ని సమస్యలు."

అతిథులు బోటీ కూర రెండుసార్లు వేయించుకుని తిన్నారు. తిన్నాక, మాకు ఒక్క అంతస్తు చాలు, ఫోను ఎత్తినవాడే మెకానిక్కుని పంపితే చాలు అని చెప్పి వెళ్లిపోయారు. గేటు ఊడదీశారు. లుంగీలు వెనక్కి తీసుకున్నారు. కుర్రాళ్లు ఏడ్చినంత పనిచేశారు. సింహాచలం మళ్లీ స్కూటరెక్కాడు.

ఇక్కడితో వాగ్దేవి గారి పని అయిపోయిందని ఎవరైనా అనుకుంటే వాళ్లకి సంస్థల సంగతి తెలియదన్నమాట. ఆవిడ ఆ ఫోను రికార్డుని పదేపదే విన్నారు. విని, ఈ విజయానికి మూలం తెలుగు యాసలే అని కనిపెట్టారు. ఆవిడకి పదోన్నతి వచ్చింది. అదే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్యాసు పొయ్యిలు అమ్మే ఒక సంస్థ ఫోన్లు కూడా వీళ్లకే దొరికాయి. ఇక ఏ ప్రాంతం కస్టమరుకి ఆ ప్రాంతం యాసలోనే సమాధానం. జిల్లాకో గది. ఎవరి యాస ఎంత శుద్ధమో తేల్చడానికి బెంగళూరు నుంచి ఒక యంత్రం తెప్పించారు. దానికి తెలుగు నేర్పినవాళ్లు జిల్లాలు తిరగలేదు. సినిమాల్లో నౌకర్లూ, దొంగలూ, తాగుబోతులూ మాట్లాడిన ముక్కలన్నీ ఏరి దానికి వినిపించారు.

సింహాచలం ధీమాగా యంత్రం ముందు కూర్చున్నాడు. తన ఊరి గురించి, జీడితోటల గురించి, మామయ్య పెళ్లిలో జరిగిన రభస గురించి మాట్లాడాడు. ఎర్ర దీపం వెలిగింది.

"మీ శ్రీకాకుళంలో ప్రామాణికత కొరవడింది," అన్నారు వాగ్దేవి గారు విచారంగా.

"నేను అక్కడే పుట్టేనండీ."

"పుట్టడం మీ చేతిలో లేదు. యాస మీ చేతిలో ఉంది."

తర్వాత ఓదెలు కూర్చున్నాడు. మంచిర్యాల మాట్లాడితే అతనికీ ఎర్ర దీపమే. విసుగొచ్చి, సినిమాలో వంటవాడు అరిచినట్టు శ్రీకాకుళంలో ఏదో అరిచాడు. యంత్రం పచ్చగా వెలగడమే కాదు, సన్నాయిలా మోగింది కూడా. ఓదెలుని అక్కడికక్కడే శ్రీకాకుళం గదికి పెద్దని చేశారు. నెల లోపల తన యాస నేర్చుకోకపోతే సింహాచలానికి ఉద్యోగం ఉండదన్నారు.

క్లాసు మొదటి రోజు ఓదెలు బల్ల దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా సింహాచలం, మరికొందరు ఉత్తరాంధ్ర పిల్లలు. వాగ్దేవి గారు వెనక కూర్చుని గమనిస్తున్నారు. ఓదెలుకి మొహం చెల్లలేదు. బల్ల మీదికి వంగి మెల్లగా అన్నాడు. "ఏమనుకోకురా సింహం. నౌకరి పోతది. ఒక్కసారి 'ఏటి' అను."

"ఏటి," అన్నాడు సింహాచలం. వాళ్లమ్మ అన్నట్టు, వాళ్లూరు అన్నట్టు, మామూలుగా.

ఎర్ర దీపం.

"పుట్టినవాళ్లు అలా అనరు," అన్నారు వాగ్దేవి గారు. "మళ్లీ."

"జర సాగదియ్యరా," అన్నాడు ఓదెలు ఇంకా మెల్లగా. "కండ్లు పెద్దగ జెయ్యి. సినిమాల అన్నట్టు అను."

సింహాచలం కాసేపు ఓదెలు వైపు చూశాడు. ఓదెలు కిటికీ వైపు చూశాడు. గది అద్దె, బస్సు, ఉద్యోగ ప్రకటనలు అన్నీ సింహాచలానికి కళ్ల ముందు తిరిగాయి. కళ్లు పెద్దవి చేసి, తల పక్కకి విరిచి, గొంతు ముక్కులోంచి లాగాడు.

"ఏఏఏటీఈఈ?"

పచ్చ దీపం వెలిగింది. క్లాసంతా పకపకా నవ్వింది.

"అదీ!" అని వాగ్దేవి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "నవ్వొచ్చిందంటే యాస కుదిరినట్టే."

ఆ విధంగా సింహాచలం శ్రీకాకుళంవాడయ్యాడు.